డ్యూటీ పుస్తకంలో నాలుగు పేర్లు

1982 జూన్‌లో జనగామ తాలూకాలో, బచ్చన్నపేట దాటాక వచ్చే ఒక ఊళ్లోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బి.యెడ్. అసిస్టెంటుగా చేరాను. బి.యెడ్. అసిస్టెంటు అంటే ఎనిమిది నుంచి పది తరగతుల దాకా పాఠం చెప్పే ఉపాధ్యాయ పోస్టు. అదే నా మొదటి నియామకం. ఊరి పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు, వాళ్లను అడగకుండా వాళ్ల ఊరిని అచ్చులో పెట్టడం నాకు ఇష్టం లేదు.

మాది జనగామ. మేము బాపు అని పిలిచే మా నాన్నకు అక్కడ కిరాణా హోల్‌సేల్ దుకాణం ఉండేది. నేను పొద్దున బస్సెక్కి బడికి పోయి, సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేదాన్ని. మా బడికి ప్రహరీ గోడ లేదు. ముందున్న మైదానంలోనే సోమవారం అంగడి జరిగేది. మంగళవారం మేము పోయేసరికి వరండా మెట్ల దాకా ఉల్లిపొట్టు, మోదుగాకుల విస్తర్లు, గడ్డి, పేడ, బీడీ ముక్కలు, పగిలిన గాజులు. మొదటి గంటలో పిల్లలు అది ఊడ్చాకే ప్రార్థన. ఊడ్చే పోస్టు కాగితం మీద ఉంది కాని మనిషి లేడు. అందుకని హెడ్మాస్టరు గది గోడకు వేలాడే ఒక డ్యూటీ పుస్తకం ఉండేది. ఏ రోజు ఎవరు ఊడవాలి, ఎవరు నీళ్లు తేవాలి, ఎవరు గంట కొట్టాలి అన్నది అందులో రాసేవారు.

ఆ జూలైలో నేను పిల్లలతో ఒక ప్రయోగం మొదలుపెట్టాను. కుళ్లడం గురించి పాఠం ఉంది. నల్లబల్ల మీద చెప్తే తొమ్మిదో తరగతి ఆవులించింది. మర్నాడు బడి వెనక మోకాలి లోతు గుంతలు అయిదు తవ్వించి ఒకదాంట్లో విస్తరాకు, ఒకదాంట్లో కాగితం, ఒకదాంట్లో నూలు గుడ్డ, ఒకదాంట్లో మందు గోళీలొచ్చే రేకు పట్టీ, చివరిదాంట్లో యూరియా సంచి లోపల వచ్చే ప్లాస్టిక్ కవరు ముక్క పాతిపెట్టాం. పదిహేను రోజులకొకసారి తవ్వి చూసి, ఉన్నది ఉన్నట్టు నోటు పుస్తకంలో రాసుకోవాలి. మొదటిసారి తవ్వినప్పుడు కవరు గుంత ఖాళీగా ఉంది. ఏడో తరగతి పిల్లవాడొకడు దాన్ని తవ్వి తీసి, కడిగి, వానకు తడవకుండా పుస్తకాలకు చుట్టుకున్నాడు. అడిగితే మంచి కవరు మట్టిపాలు చేస్తున్నామని తీశానన్నాడు. ఆ ఊళ్లో ఆ రోజుల్లో అటువంటి కవరును పారేసేవాళ్లే తక్కువ. వానాకాలంలో నాట్లేసే ఆడవాళ్లు నెత్తి మీద కప్పుకునేది అదే. వాడిని తిట్టడానికి నా దగ్గర కారణం దొరకలేదు. ఇంకో ముక్క తెచ్చి పాతిపెట్టాను.

సెప్టెంబరులో జిల్లా కార్యాలయం నుంచి సర్క్యులర్ వచ్చింది. ప్రతి ఉన్నత పాఠశాలా ఒక రోజును పారిశుద్ధ్య, పర్యావరణ దినంగా జరపాలి, ప్రజలను కలుపుకోవాలి, నిర్ణీత నమూనాలో నివేదిక పంపాలి. అప్పట్లో టైం టేబుల్లో సమాజోపయోగ ఉత్పాదక శ్రమ అని ఒక పీరియడ్ ఉండేది. చాలా బళ్లలో ఆ పీరియడ్‌లో లెక్కలు చెప్పేవాళ్లు. ఈ పని ఆ పీరియడ్ కింద చూపించాలి. ఉప విద్యాధికారి కొన్ని బళ్లకు స్వయంగా వస్తారని కింద ఒక వాక్యం ఉంది. మా హెడ్మాస్టరు రాజలింగం గారికి మిగతా సర్క్యులర్ కంటే ఆ వాక్యమే పెద్దగా కనిపించింది. ఇంకో మూడేళ్లలో రిటైరయ్యే మనిషి. పెన్షన్ కాగితాలకు అడ్డొచ్చే రాత తన సర్వీసు రిజిస్టరులో ఒక్కటి కూడా ఉండకూడదని ఆయన కోరిక. సైన్సు టీచరునీ, అందరికంటే చిన్నదాన్నీ కనుక పని నాకే అప్పగించారు.

నాకు చాలా ఉత్సాహం వచ్చింది. మొత్తం బడిని అయిదు దళాలుగా చేశాను. ఊడ్చే దళం, ఎత్తిపోసే దళం, చెత్తను వేరుచేసే దళం, ఎరువు గుంత దళం, వచ్చినవాళ్లకు ప్రయోగం చూపించి వివరించే దళం. వేరుచేయడమంటే మూడు కుప్పలు: మట్టిలో కలిసేవి, మళ్లీ పనికొచ్చేవి, రెండూ కానివి. ఈ మూడో కుప్ప ఎంత చిన్నదైతే ఊరికి అంత మంచిదని పిల్లలకు చెప్పాను. ఇక పేర్లు రాయాలి. తొమ్మిదో తరగతిలో బాగా ఊడ్చేవాళ్లెవరని అడిగాను. తరగతిలోని వేళ్లన్నీ వెనక బెంచీ వైపు తిరిగాయి. నాలుగు పేర్లు చెప్పారు. సరిచూసుకుందామని డ్యూటీ పుస్తకం తిరగేస్తే ఊడ్చే గడిలో ఆ నాలుగు పేర్లే ఉన్నాయి. సోమవారమూ అవే, శుక్రవారమూ అవే, పోయిన ఏడాదీ అవే. అనుభవం ఉన్నవాళ్లు దొరికారని సంతోషపడి ఊడ్చే దళంలో మొదట వాళ్లను రాసుకున్నాను. ఆ నలుగురూ ఊరి చివర, అప్పటి మాటలో హరిజనవాడ, అక్కడి పిల్లలు. ఆ సంగతి నాకు తెలియదని చెప్పను. తెలుసు. నేను ఆలోచించలేదు, అంతే.

జాబితా గోడకు అంటించిన మధ్యాహ్నం యాకమ్మ స్టాఫు గది గుమ్మం దగ్గర నిలబడింది. ఆ నలుగురిలో ఒకతె. ప్రయోగం గుంతలు తవ్వినప్పుడల్లా అందరికంటే ముందు వంగి చూసేది, నోటు పుస్తకంలో అందరికంటే ఎక్కువ రాసేది కూడా ఆ పిల్లే.

"టీచర్, ఒక మాట అడుగుత. ఏమనరు గద?" అంది. అడగమన్నాను.

"మేము రోజు ఊడుస్తనే ఉన్నం టీచర్. గా దినం గూడ మేమే ఊడిస్తె, గది కొత్త దినం ఎట్లయితది?"

ఎగతాళి లేదు ఆ మాటలో. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. చూస్తానని చెప్పి పంపించాను. సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని జనగామ వచ్చేదాకా ఆ ప్రశ్ననే తిప్పి తిప్పి చూసుకున్నాను. పాఠాలు చెప్పే ముఖంతో ఆ పిల్లను మళ్లీ ఎట్లా చూడాలో తెలియలేదు.

మర్నాడు జాబితా చింపేశాను. ప్రార్థన కాగానే ఖాళీ సుద్దముక్కల పెట్టెలో చీటీలు వేసి, ఒక్కొక్కరినీ పిలిచి తీయమన్నాను. ఎవరి చీటీలో ఏ దళం వస్తే ఆ దళం. పిల్లలకు అదొక పండగలా అయింది. యాకమ్మకు వివరించే దళం వచ్చింది. ఆ నలుగురిలోనే ఒకడైన కొమురయ్యకు ఎత్తిపోసే దళం. ఊళ్లో కిరాణా కొట్టున్న నాగభూషణం గారి కొడుకు శ్రీనివాసుకు ఊడ్చే దళం. వాడు చీటీ అందరికీ చూపించి నవ్వాడు. వాడి వెనక ఇద్దరు మాత్రం నవ్వలేదు, అది నేను గమనించాను.

మూడో రోజు నాగభూషణం గారు బడికి వచ్చారు. మా బాపు దగ్గరే ఆయన సరుకు తీసుకెళ్లేవారు. చిన్నప్పటి నుంచి నేను ఆయన్ని చిన్నాయినా అని పిలిచేదాన్ని.

"బిడ్డా, నీ మీద నాకేం కోపం లేదు. మీ బాపు మొఖం సూసి మంచిగ చెప్తున్న. మా పోరని పేరు జర తీసెయ్యి," అన్నారు.

పేరు నేను రాయలేదని, అందరి ముందూ వాడే తీసుకున్న చీటీ అని చెప్పాను. ఒకటి మారిస్తే అన్నీ మార్చాలి. ఆయన వినలేదు. ఇద్దరం హెడ్మాస్టరు గదికి వెళ్లాం. రాజలింగం గారు పక్కకు తప్పుకుంటారని నా భయం. ఆయన మొత్తం విని, కళ్లజోడు తుడుచుకుని, బీరువాలోంచి రిజిస్టరు తీశారు. దళాల పేర్లు అప్పటికే అందులో ఎక్కాయి. ఎక్కిన పేరు కొట్టేయాలంటే కారణం రాసి, తండ్రి సంతకం తీసుకోవాలి, అధికారి వచ్చినప్పుడు అది చూపించాలి, అన్నారు. పెన్ను మూత తీసి అడిగారు:

"చెప్పుండ్రి సేటు, ఏమని రాయమంటరు?"

నాగభూషణం గారు ఆ తెల్లటి గడి వైపు చూశారు. నోటితో చెప్పగలిగింది రాతలో పెట్టడం ఆయనకు సాధ్యం కాలేదు. ఆరోగ్యం బాగాలేదని రాయండి అన్నారు. అయితే దవాఖాన చీటీ జతచేయాలి అన్నారు రాజలింగం గారు, అదే గొంతుతో. నాగభూషణం గారు లేచి వెళ్లిపోయారు. రాజలింగం గారు పెన్ను మూత పెట్టి, "నేను నీ పక్షం మాట్లాడిన అనుకునేవమ్మా. పద్ధతి చెప్పిన, అంతే," అన్నారు. ఆ రోజు నుంచి ఆయన పద్ధతుల మీద నాకు గౌరవం పెరిగింది.

ఆ రాత్రి అన్నం తింటూ బాపుకు చెప్పాను. సంగతి అప్పటికే ఆయన దాకా వచ్చింది. నాగభూషణం దుకాణం ముందు పొద్దున ఎవరు ఊడుస్తారని బాపు నన్నే అడిగారు. ఆయనే కావచ్చు అన్నాను.

"ఆయనే. తెల్లారకముందే ఊడ్చి నీళ్లు సల్లుతడు. ఇంకొకరి చేతికి చీపురియ్యడు. ఊడుసుడు ఆయనకు నామోషీ కాదు బిడ్డా. పక్కన ఎవరుంటరన్నదే ఆయన పరేషాన్," అన్నారు బాపు.

ఆయనకు మీరొక మాట చెప్పకూడదా అని అడిగితే తల అడ్డంగా ఊపారు. నీ బడి, నీ పని, నేను నడుమ రాను అన్నారు. అప్పుడు కొంచెం బాధ వేసింది. తర్వాత చూస్తే అదే మంచిదైంది. బాపు చెప్తే నాగభూషణం గారు సరుకు ఇచ్చే మనిషి మాట అని ఒప్పుకునేవారు. అది ఒప్పుకోవడం కాదు.

అనుకున్న రోజు మంగళవారం. అంగడి మర్నాడైతేనే పని కనిపిస్తుందని నేనే ఎంచుకున్నాను. పొద్దున ఎనిమిదింటికల్లా పిల్లలు వచ్చేశారు, కొందరు ఇళ్ల నుంచి తట్టలు, పారలు కూడా తెచ్చారు. ఇద్దరు పిల్లలు రాలేదు. పెద్ద రైతు కుటుంబం వాళ్లు, చీటీ చూసి నవ్వనిది ఆ ఇద్దరే. శ్రీనివాస్ వస్తాడో రాడో అని దారి చూస్తుంటే కొత్త చీపురు భుజాన పెట్టుకుని వచ్చాడు. వెనక పది అడుగుల దూరంలో నాగభూషణం గారు. మైదానం చివర చేతులు కట్టుకుని నిలబడ్డారు, దగ్గరికి రాలేదు.

శ్రీనివాసుకు ఊడవడం రాదు. మిగతా దళంలో సగం మందికీ రాదు. గాలి పడమటి నుంచి కొడుతుంటే వీళ్లు పడమటికే ఊడుస్తున్నారు. ఉల్లిపొట్టంతా లేచి వాళ్ల ముఖాల మీదికే వచ్చింది. ఎత్తిపోసే దళం ఖాళీ తట్టలతో నిలబడి విరగబడి నవ్వుతోంది. ఎవరో యాకమ్మను పిలిచి, వచ్చి చూపించమన్నారు. ఆ పిల్ల తన గుంతల దగ్గర నుంచి కదలలేదు. "నాది గిక్కడ పని," అని మాత్రం అంది. నేను వెళ్లి చూపిద్దామని అడుగు వేసేలోపు నాగభూషణం గారు మైదానం సగం దాటేశారు. తిట్టడానికి వస్తున్నారనుకున్నాను. వచ్చి కొడుకు చేతిలోంచి చీపురు లాక్కున్నారు.

"గట్ల గాదురా. గాలి ఎటు కొడ్తుందో సూసుకోవా? ఇన్నేండ్ల సంది నేను ఊడుస్తుంటె సూస్తలేవా?"

పంచె పైకి దోపుకుని, కొంచెం నీళ్లు చల్లించి, మూల నుంచి మొదలుపెట్టి వరస తప్పకుండా ఊడ్చుకుంటూ వచ్చారు. తప్పు పని చేస్తుంటే చూస్తూ ఊరుకోలేని మనిషి. పది నిమిషాల్లో దళం మొత్తం ఆయన వెనక వరసలో నిలబడి ఆయన చేసినట్టే చేస్తోంది. కుప్ప దగ్గరికి రాగానే, "తట్ట తేరా ఇటు," అని కేకేశారు. తట్ట తెచ్చినవాడు కొమురయ్య. నింపాక అది ఒక్కడికి లేవలేదు. రెండో వైపు శ్రీనివాస్ పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి గుంత వైపు నడిచారు. నాగభూషణం గారు చీపురు ఆపి, వాళ్లు వెళ్తుంటే చూశారు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. మళ్లీ వంగి ఊడవడం మొదలుపెట్టారు. జనగామ నుంచి రాజలింగం గారు పిలిపించిన ఫొటోగ్రాఫరు ఆ సమయంలో ఒక ఫొటో తీశాడు. నివేదికలో దాని కింద "గ్రామ ప్రముఖుల భాగస్వామ్యం" అని రాజలింగం గారు స్వయంగా రాశారు.

పదకొండింటి బస్సులో ఉప విద్యాధికారి దిగారు. కోస్తా వైపు మనిషి, మర్యాదగా మాట్లాడతారు. ఎరువు గుంత చూశారు: ఒక వరస ఆకులు, ఒక వరస పేడ, పైన మట్టి, మళ్లీ అదే క్రమం. మూడు కుప్పలూ చూశారు. మూడోది ఒక తట్టకు కూడా నిండలేదు. తర్వాత ప్రయోగం గుంతల దగ్గరికి వచ్చారు. రాజలింగం గారు నా చెవిలో, పిల్లను పుస్తకం భాషలో చెప్పమనమ్మా అని గొణిగారు. నేను ఆ మాట యాకమ్మకు చేరవేయలేదు.

ఆ పిల్ల ఒక్కొక్క గుంతా తవ్వి చూపించింది. విస్తరాకు జాడ లేదు, కాగితం ముద్దయింది, గుడ్డ చీకిపోయింది. గోళీల పట్టీ, కవరు పాతినట్టే ఉన్నాయి. అధికారి కవరు చేతిలోకి తీసుకుని, దీనికి ఏమీ కాలేదెందుకని అడిగారు. పాఠంలో సూక్ష్మజీవులనే మాట ఉంది, అది చెప్తుందని ఎదురుచూశాను.

"గిది మట్టి తినది సార్," అంది యాకమ్మ. "విస్తరాకు తింటది, పేడ తింటది, గుడ్డ గూడ మెల్లగ తింటది. మట్టి ఏది తింటదో గదే దానికి ఏసెయ్యాలె. తిననిది మనమే మల్ల మల్ల వాడుకోవాలె. మా అవ్వ గిసొంటి కవరు రెండేండ్ల సంది నెత్తికి కప్పుకుంటుంది."

'గిసొంటి' దగ్గర అధికారి పెదవుల మీద చిన్న నవ్వు కదిలింది. యాకమ్మ అది చూసింది, కాని ఆగలేదు, చెప్పాల్సిందంతా చెప్పింది. పూర్తయ్యేసరికి ఆయన నవ్వడం మానేసి వింటున్నారు. మొత్తం మళ్లీ ఒకసారి చెప్పమన్నారు. వెళ్లేముందు లాగ్ బుక్కులో, అంటే తనిఖీకి వచ్చిన అధికారి అభిప్రాయం రాసే పుస్తకంలో, మట్టి తినే వస్తువులూ మట్టి తినని వస్తువులూ అన్న విభజనను తొమ్మిదో తరగతి విద్యార్థిని స్పష్టంగా వివరించిందని రాశారు. రాజలింగం గారు ఆ పేజీని ఆ వారంలో ఎన్నిసార్లు తెరిచారో నేను చెప్పలేను.

మళ్లీ సోమవారం అంగడి, మంగళవారం మైదానం ఎప్పటిలాగే. స్టాఫు గదిలో అందరూ నా వైపు చూసి నవ్వారు, నేనూ నవ్వాను. ఆ మధ్యాహ్నం పిల్లలతో కూర్చుని మాట్లాడాను. ఊడ్చాక ఎత్తడం కంటే పడకముందే పట్టడం తేలికని వాళ్లే తేల్చారు. తర్వాతి అంగడికి బడి వదిలాక కొందరు తట్టలు పట్టుకుని కూరగాయల వరసలోకి వెళ్లారు. ఒక ముసలవ్వ తన పొట్టూ తొక్కా పిల్లలకు ఇవ్వనంది. అవి తన మేకలకట. మరి ప్రతి అంగడికీ ఇక్కడే వదిలి పోతున్నావెందుకని అడిగితే, మోయలేక, అంది. ఇద్దరు పిల్లలు మూట కట్టి ఆమె ఇంటి దాకా మోసుకెళ్లారు. అట్లా కొంత మేకలకూ కొంత గుంతకూ పోయి, రెండు మూడు నెలల్లో మంగళవారం పని సగానికి తగ్గింది. పూర్తిగా ఎప్పుడూ పోలేదు.

డ్యూటీ పుస్తకం మాత్రం మారింది. హాజరు పట్టీలో ఉన్న వరస ప్రకారం, రోజుకు ఆరుగురు, ఆడా మగా అందరూ అని రాజలింగం గారి చేత సంతకం పెట్టించాను. ఒక నెల చూద్దామన్నారు. పెద్ద రైతు పిల్లలిద్దరూ పది రోజులు బడికి రాలేదు. వాళ్ల నాన్న వచ్చి చాలా మాటలు అన్నాడు. రాజలింగం గారు రిజిస్టరు తీసి, కారణం ఏమని రాయమంటారని ఆయన్నీ అడిగారు. పదకొండో రోజు పిల్లలు వచ్చారు. అయితే అందరి మనసులూ మారాయని రాయను. చీపురు పట్టినా పక్కవాడికి అందించకుండా నేల మీద పెట్టి తీసుకొమ్మనే పిల్లలు ఆ ఏడాది చివర కూడా కొందరున్నారు. నేను చూసినప్పుడల్లా చేతికే ఇమ్మనేదాన్ని. చూడనప్పుడు ఏం జరిగిందో నాకు తెలియదు.

1986లో మహబూబాబాద్ బదిలీ అయింది. తర్వాత భూపాలపల్లి వైపు, మొగుళ్లపల్లి దగ్గర ఒక బడికి హెడ్మిస్ట్రెస్‌గా వెళ్లాను. సర్వీసులో ఇటువంటి దినాలు చాలా జరిపాను. కొన్ని ఇంతకంటే బాగా జరిగాయి, కొన్ని ఫొటోల కోసమే జరిగాయి. యాకమ్మ పదో తరగతి ప్యాసై టీచరు ట్రైనింగులో చేరిందని విన్నాను. అంతకు మించి నాకు తెలియదు.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చినవాళ్లు పర్యావరణ పాఠం ఎక్కడ మొదలుపెట్టాలని నన్ను అప్పుడప్పుడు అడుగుతారు. గుంతల ప్రయోగం చెప్తాను, అది ఖర్చు లేనిది, పిల్లలకు నచ్చుతుంది. కాని దానికంటే ముందు చేయాల్సిన పని ఒకటుందని కూడా చెప్తాను. చేరిన మొదటి వారంలోనే ఆ బడిని ఎవరు ఊడుస్తున్నారో పేర్లతో సహా కనుక్కోవాలి. ప్రతి రోజూ అవే పేర్లు ఉంటే, శుభ్రత గురించి మనం చెప్పే పాఠం ఆ పిల్లలకు ఎప్పుడో వచ్చేసిందని అర్థం. నేర్చుకోవాల్సింది మిగతావాళ్లు. నా విషయంలో ఆ మిగతావాళ్లలో మొదటి పేరు నాదే.